పగిలినవాటి పద్దు

ఇరవై ఏడేళ్లుగా స్టోర్సు తాళాలు నా నడుముకే వేలాడుతున్నాయి.
నల్లపాడు రోడ్డులో బస్సు దిగి
గేటు దాటి, సంతకం పెట్టి
స్టాకు రిజిస్టరు తెరిస్తే
అప్పుడు తెల్లారినట్టు నాకు.

బీకరు పగిలితే నూట పది.
థర్మామీటరు పగిలితే మూడు సంజాయిషీలు.
చివరి గడిలో ఎర్రసిరాతో రాసేవాణ్ణి:
"బాధ్యుని జీతంలో కోత."
అంచేత మా ల్యాబులో ఏదీ పగిలేది కాదు.
కొత్త మైక్రోస్కోపు ప్లాస్టిక్ ముసుగులోనే ఉండి
ముసుగులోనే పాతబడింది.
ఆడిట్ వాళ్లు నన్ను మెచ్చుకున్నారు.

గోడకొక సలహాల పెట్టె ఉండేది.
ఎవరి హయాంలో కొట్టించారో ఎవరికీ గుర్తు లేదు.
సువార్త మేడం విభాగాధిపతిగా వచ్చిన వారమే
దాని తాళంచెవి అడిగారు.
నా గుత్తిలో లేదు.
స్క్రూడ్రైవరుతో ఊడబెరికితే
కందిరీగల మట్టిగూడు,
ఒక శుభలేఖ,
"మూడో ఫ్యాను ఊగుతోంది, ఎవరి నెత్తినో పడుద్ది" అని ఒక చీటీ.
మేడం తలెత్తి చూశారు.
ఫ్యాను ఇంకా ఊగుతూనే ఉంది.

ఆ సాయంత్రమే దాన్ని దించేశారు.
ఆవిష్కరణంటే ఇదా అని నవ్వుకున్నాను.

మర్నాడు నా బల్ల మీద ఒక కొత్త పుస్తకం,
అట్ట కూడా వేయనిది.
"పగిలినవి ఇక ఇందులో రాయండి.
జరిమానా గడి వద్దు.
ఏం చేయబోతే పగిలింది, ఏం తెలిసింది,
ఆ రెండూ చాలు."
నా కలం కదల్లేదు.
తెలిసినదానికి ఖరీదు ఎట్లా కడతారు?
పేజీ అడుగున మొత్తం ఎట్లా వేస్తారు?

రెండు నెలలు ఆ పుస్తకం తెల్లగానే ఉంది.
మీటింగుల్లో సమోసాలు అయిపోయేవి,
మాటలు మొదలయ్యేవి కావు.
కొత్తగా ఆలోచించండి అంటే
ఎట్లా ఆలోచించాలో సర్క్యులర్ వస్తుందేమోనని
అందరూ తలుపు వైపు చూసేవాళ్లు.

ఏప్రిల్లో గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగింది.
డీన్ గారి నుంచి స్వీపరు బుజ్జెమ్మ దాకా ఒకటే తుమ్ములు.
ఆ తుమ్ముల మధ్య టీ పోస్తూ
అటెండరు మస్తాన్ వలీ అన్నాడు,
ఎవరితోనో కాదు, ఫ్లాస్కుతో అన్నట్టు:
"మా అన్న యార్డులో ముఠా కూలీ.
కాయ తుంచకుండానే చెబుతాడు, తడి ఉందో లేదో.
చెవి దగ్గర ఆడిస్తాడంతే.
ఎండింది మాట్లాడిద్ది.
ఎండనిది నోరు మూసుకునుంటది."

మేడం కప్పు కింద పెట్టారు.
"కూర్చో వలీ."
పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో
అతను కూర్చోవడం అదే మొదలు.
కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు,
ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని.

ఇక ఆ తర్వాత పగలడమే పగలడం.
పాత ఫోన్లలోంచి పీకిన మైకులు,
రీసెర్చి పిల్ల హేమనళిని కాల్చేసిన బోర్డులు.
కాయ గలగలని డబ్బాకి వినిపించాలని
రాత్రి తొమ్మిదింటిదాకా లైట్లు.
నేను రాస్తూ పోయాను.
"మైకులు మూడు. కారం దూరింది. తెలిసింది: గుడ్డ కట్టాలి."
"బోర్డు ఒకటి. తెలిసింది: తెలుసనుకున్నది తెలీదని."
"గాజుగొట్టం ఒకటి. తెలిసింది: ఏమీ లేదు."
ఏమీ లేదని కూడా రాయనిచ్చారు.
అది నాకు నచ్చింది.

ఆ డబ్బా ఇప్పటికీ పది కాయల్లో మూడింటికి అబద్ధం చెబుతోంది.
వలీ వాళ్లన్న ఒక ఆదివారం వచ్చి, కాసేపు చూసి
"మీదానికి చెవుడు సార్" అని పోయాడు.
అదీ రాశాను.

నిన్న అందరూ వెళ్లాక
మైక్రోస్కోపు ముసుగు తీశాను.
మిరపగింజ ఒకటి గాజుపలక మీద పెట్టి
చూడ్డం చేతకాక స్క్రూ తిప్పుతూ తిప్పుతూ
పటుక్కున పలక విరగ్గొట్టాను.

చుట్టూ ఎవరూ లేరు.
పాత అలవాటున చెయ్యి ఎర్రసిరా వైపే పోయింది.
దాన్ని వెనక్కి లాక్కుని
నీలం కలంతో నా పేరు రాశాను.
ఏం చేయబోతే: చూద్దామని.
ఏం తెలిసింది:

ఆ గడి ఇవాళ్టికి వదిలేశాను.
గింజ ఇంకా దొరకలేదు.